వీడియో కన్వర్ట్ నడుస్తుంటేనే జాక్ బాగుంటోంది, ఖాళీగా ఉంటే ఎక్స్‌రన్‌లు (అథ్లాన్ 64 ఎక్స్2)

వీణతీగ:
అందరికీ నమస్కారం. 2006లో కొన్న అథ్లాన్ 64 ఎక్స్2 పీసీ, 2.2 గిగాహెర్ట్జ్. లైనక్స్, జాక్ (ప్రోగ్రామ్‌లకీ సౌండ్ కార్డ్‌కీ మధ్య ఆడియో నడిపే సౌండ్ సర్వర్) రెండూ ఆ కాలం నాటివే, అప్‌గ్రేడ్ చేయలేదు ఎందుకంటే నా పీసీఐ సౌండ్ కార్డ్ అందులోనే బుద్ధిగా పనిచేస్తుంది. అమ్మ వీణ రికార్డ్ చేస్తున్నా, 48000 హెర్ట్జ్, బఫర్ 128 ఫ్రేమ్స్ (శాంపిల్స్). సీపీయూ వాడకం 10 శాతం కూడా దాటదు, అయినా నిమిషానికి నాలుగైదు ఎక్స్‌రన్‌లు (ఆడియో టైమ్‌కి అందలేదని జాక్ చూపించే అంతరాయాలు), సరిగ్గా గమకం మధ్యలో టప్ మని కొడుతుంది. బఫర్ పెంచా, రియల్‌టైమ్ ప్రయారిటీ ఇచ్చా, వైఫై కార్డ్ పీకేశా, ఏం లాభం లేదు. నాకు అర్థం కానిది ఒకటే, ఓ పక్క వీడియో కన్వర్ట్ పెట్టేసి ఆ తర్వాత జాక్ స్టార్ట్ చేస్తే గంటసేపు ఒక్క ఎక్స్‌రన్ కూడా రాదు. బరువు పెరిగితే బాగవడం ఏంటండీ?

లైనక్స్‌బాట:
అసలు క్లూ మీరు చివర్లో రాసిందే. పాత జాక్ టైమ్ కోసం కెర్నల్‌ని (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) అడగదు, సీపీయూలో క్లాక్ టిక్కుల్ని లెక్కపెట్టే టీఎస్‌సీ కౌంటర్ని నేరుగా చదువుకుంటుంది, మైక్రోసెకండ్‌కి ఎన్ని టిక్కులో స్టార్ట్ అయ్యేటప్పుడే సీపీయూ ఇన్ఫోలో చూసి లెక్క కట్టేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూల్ అండ్ క్వైట్ (కరెంట్ ఆదా కోసం స్పీడ్ తగ్గించే ఫీచర్) వల్ల మీ ప్రాసెసర్ 1 గిగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది, జాక్ అప్పుడు మొదలైతే 1000 టిక్కులు ఒక మైక్రోసెకండ్ అనుకుంటుంది. తర్వాత స్పీడ్ 2.2కి ఎక్కితే? 128 ఫ్రేమ్స్ అంటే నిజంగా పట్టేది 2667 మైక్రోసెకండ్లు, జాక్ లెక్కలో మాత్రం 5867. సౌండ్ టైమ్‌కే వచ్చింది, ఇదేమో లేట్ అయిందనుకుని డ్రైవర్ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది, మీకు వినిపించే టప్ అదే. కన్వర్షన్ ఉంటే స్పీడ్ మొదట్నుంచీ 2.2లోనే ఉంటుంది కాబట్టి లెక్క కుదిరింది.

ఇంకోటి, పని లేని కోర్ హాల్ట్‌లోకి, అంటే నిద్రలోకి పోతే దాని క్లాక్ నెమ్మదిస్తుంది, దాంతో కౌంటర్ పక్క కోర్ కంటే వెనకబడుతుంది, ఆ వెనకబడింది మళ్లీ సర్దుకోదు. రెండు కోర్లకీ ఒక్కో థ్రెడ్ కట్టేసి కౌంటర్ చదివి తేడా ప్రింట్ చేసి చూడండి. డీమెసేజ్‌లో (కెర్నల్ రాసుకునే లాగ్) టీఎస్‌సీ గురించి ఏముందో కూడా పెట్టండి.

వీణతీగ:
చేశానండీ. తేడా కొన్నిసార్లు చిన్నగానే వస్తోంది, మధ్యమధ్యలో మాత్రం 1844674407తో మొదలయ్యే 20 అంకెల నంబర్, ప్రోగ్రామ్ తప్పు రాశానేమోనని మూడుసార్లు చూసుకున్నా. డీమెసేజ్‌లో టీఎస్‌సీ అన్‌స్టేబుల్ అని ఉంది, కరెంట్ క్లాక్‌సోర్స్ (కెర్నల్ టైమ్ చూసుకునే గడియారం) ఏసీపీఐ పీఎం అనే వేరే టైమర్ అని చూపిస్తోంది.

లైనక్స్‌బాట:
ప్రోగ్రామ్ తప్పేం లేదు, అది మైనస్ నంబర్. అన్‌సైన్డ్ 64 బిట్‌లో సున్నా కంటే కిందికి పోతే 2కి 64వ ఘాతం దగ్గరికి ఎగిరిపోతుంది. అంటే తర్వాత చదివిన కోర్ ముందు టైమ్ చెప్పింది. మీ కెర్నల్ టీఎస్‌సీని ఎప్పుడో వదిలేసింది, జాక్ మాత్రం కెర్నల్‌ని దాటేసి అదే కౌంటర్ని పట్టుకుని కూర్చుంది. జాక్‌కి క్లాక్‌సోర్స్ ఆప్షన్ ఉంటుంది (చిన్న సి), దానికి ఎస్ అంటే సిస్టమ్ టైమర్ ఇవ్వండి. హెచ్‌పెట్ (బోర్డు మీదుండే మరో టైమర్) కనిపిస్తే హెచ్ ఇచ్చినా సరే, కొన్ని బోర్డుల్లో బయోస్ దాన్ని దాచేస్తుంది. చదవడానికి టీఎస్‌సీ కంటే ఇవి స్లోనే, అయినా 128 ఫ్రేమ్స్‌కి ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

తంబురశ్రుతి:
కొత్త మెషిన్ ఉన్నవాళ్లు ఇది చూసి టీఎస్‌సీ మార్చేయకండి ప్లీజ్. సీపీయూ ఇన్ఫోలో కాన్‌స్టంట్ టీఎస్‌సీ, నాన్‌స్టాప్ టీఎస్‌సీ ఫ్లాగ్‌లు రెండూ ఉంటే స్పీడ్ మారినా, కోర్ నిద్రపోయినా కౌంటర్ ఒకే వేగంతో నడుస్తుంది.

వీణతీగ:
ఎస్ పెట్టా, నిన్న రాత్రి రెండు గంటలు రికార్డ్ చేశాం, ఎక్స్‌రన్‌లు సున్నా!! అమ్మ చాలారోజుల తర్వాత ఆగకుండా ఒక రాగం పూర్తిగా వాయించింది, చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి అడుగుతా, మృదంగానికి వేరే యూఎస్‌బీ కార్డ్ పెట్టి విడిగా రికార్డ్ చేస్తే చివరికొచ్చేసరికి తాళం తప్పుతోంది, ఇదీ టీఎస్‌సీ వల్లేనా?

తంబురశ్రుతి:
కాదు, అది కార్డుల సంగతి. ఒక్కో కార్డ్‌కి సొంత క్రిస్టల్ ఉంటుంది. రెంటికీ మధ్య పది లక్షలకి 50 వంతుల తేడా ఉందనుకోండి, సెకండ్‌కి 2.4 శాంపిల్స్, గంటకి 8640, అంటే 0.18 సెకండ్. మృదంగం దెబ్బ అంత పక్కకి జరిగితే చెవికి దొరికిపోతుంది. రెండో కార్డ్‌ని జీటా ఏ2జే ద్వారా జాక్‌లోకి తెండి, అది ఎప్పటికప్పుడు రీశాంపిల్ చేసి మొదటి కార్డ్ వేగానికి కలుపుతుంది. వీలైతే రెండు మైకులూ ఒకే కార్డ్‌కి పెట్టేయండి, అంతకంటే మంచిది లేదు.