హెడర్ మార్చాక ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 15 దగ్గరుంది, ముందు రీమ్యాపా, పంపా?

అన్నలూ, మాది మహబూబ్‌నగర్. 1.2 పెట్రోల్ బండికి హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపులు), ఫ్రీఫ్లో ఎగ్జాస్ట్, కోన్ ఎయిర్ ఫిల్టర్ వేయించాను, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మాత్రం కంపెనీదే, ఏం ముట్టుకోలేదు. ఓబీడీ స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను అదనంగా పోసే పెట్రోల్ శాతం) ఐడిల్‌లో ప్లస్ 5, జడ్చర్ల దాటి హైవే మీద 90లో పోతుంటే ప్లస్ 15. చెక్ ఇంజిన్ లైట్ రాలేదు.

ఇన్‌టేక్ దగ్గర గాలి లీకైతే ఐడిల్‌లో ఎక్కువుండి రేస్ ఇస్తే తగ్గాలి, నాకు ఉల్టాగా ఉంది. అందుకే పంపు ప్రెషర్ తక్కువైందా, ఫ్యూయల్ ఫిల్టర్ జామైందా, లేక గాలి ఎక్కువ లాగుతున్నందుకు పాత మ్యాప్ (ఎంత పెట్రోల్ పోయాలో ఈసీయూలో ఉన్న టేబుల్) సరిపోవట్లేదా అని డౌటు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్ల కొంత పెరుగుతుందని తెలుసు (బరువులో ఒక పాలు పెట్రోల్‌కి గాలి 14.7 పాళ్లు కాదు, 13.5 దగ్గర కావాలి కదా), కానీ మార్పులు చేయకముందూ అదే పోయించేవాణ్ని, అప్పుడు ఇంత లేదు.

అసలు టెన్షన్ ఫుల్ థ్రాటిల్ గురించే. అక్కడ ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు, టేబుల్ చూసి పోస్తుంది, అది లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అయితే మన ఎండల్లో నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు లేకుండా పేలడం) వచ్చి పిస్టన్ ఆగమైతుంది. ఈ క్రూజ్ ట్రిమ్ అక్కడ కూడా కలుపుకుంటుందా?

హైదరాబాద్‌లో ఒకరు వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోల్ పాళ్లు కచ్చితంగా కొలిచే సెన్సార్) పెట్టకుండానే రీమ్యాప్ చేస్తామంటున్నారు, నాకైతే నమ్మకం లేదు. హెడర్ గ్యాస్కెట్ లీకైనా సెన్సార్ లీన్ అనే చూపిస్తుందట, దాన్ని ఇంట్లోనే ఎలా చెక్ చేయాలి? చేసినవాళ్లు చెప్పండి.