కొబ్బరి పీచు, వెదురు బ్రష్షులకి మారడం: పనికొచ్చేదా, డబ్బున్నోళ్ల సరదానా?

బాల్కనీతోట:
నాలుగు నెలల కింద ఇంట్లో ప్లాస్టిక్ బ్రష్షులన్నీ తీసేశాను. పళ్లకి వెదురు బ్రష్షులు, అంట్లకి కొబ్బరి పీచు బ్రష్, సీసాలకి ఒకటి, బాత్రూం గచ్చుకి చెక్క పిడిది ఒకటి. అప్పట్నుంచీ ఇంట్లో గొడవే. మా ఆయన "ఇవన్నీ మా అమ్మమ్మ ఇంట్లో ఊరికే ఉండేవి, నువ్వు ఎదురు డబ్బిచ్చి తెచ్చావు" అంటారు. అంట్లు తోమే ఆవిడ మూడో రోజే పాత ఆకుపచ్చ స్క్రబ్బర్ ఏదమ్మా అని అడిగింది. వానలు మొదలయ్యాక వెదురు బ్రష్ అడుగు నల్లగా బూజు పట్టింది. మీలో ఎవరైనా మారి, మారినట్టే ఉండిపోయారా? లేక వదిలేశారా?

గోదారోడు:
మీ ఆయన మాటలో తప్పేం లేదండి. మా కోనసీమలో కొబ్బరి డొక్కలు రోడ్డు పక్కన గుట్టలుగా పడుంటాయి. చిన్నప్పుడు డొక్కలోంచి గుప్పెడు పీచు పీకి, పొయ్యిలో బూడిద అద్ది, ఇత్తడి బిందెకైతే కాస్త చింతపండు కూడా పెట్టి తోమేవాళ్లు, అదీ బ్రష్షంటే. ఇప్పుడు అదే పీచుకి చెక్క పిడి తగిలించి అట్టపెట్టెలో పెట్టేసరికి పర్యావరణం అయిపోయింది. వాడొద్దని కాదండి నేననేది. పెట్టెకి డబ్బులెందుకు అంటున్నానంతే.

ల్యాబ్‌కోటు:
ఒక్క విషయం ఎవరూ అడగట్లేదు. ఆ వెదురు బ్రష్‌కి కుచ్చు దేంతో చేశారు? చాలావాటికి మామూలు నైలానే, అంటే ప్లాస్టిక్కే. కొన్నిటి మీద "మొక్కల నుంచి తయారైనది" అని ఉంటుంది, అదీ అబద్ధం కాదు, ఆముదం నూనెతో నైలాన్ చేస్తారు, మన పాలమూరు, నల్గొండ చేలల్లో పండే ఆముదమే. కానీ పుట్టింది మొక్కలోంచి కదా అని అది మట్టిలో కలిసిపోదు, నైలాన్ నైలానే. 1938లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ వాళ్ల నైలాన్ కుచ్చు బ్రష్ రాకముందు ఎక్కువగా పంది వెంట్రుకలే వాడేవాళ్లు. ఇప్పటికీ పూర్తిగా మట్టయ్యే బ్రష్ కావాలంటే చాలాసార్లు అదే గతి, శాకాహారులు కొనేముందు చూసుకోండి. పాతబడ్డాక పట్టకారుతో కుచ్చు పీకి చెత్తలో వేసి, వెదురు పుల్ల మాత్రం మట్టిలో పాతండి.

వేపచెట్టు:
ఇంత చర్చ ఎందుకు, వేప పుల్ల ఉండగా.

పళ్లడాక్టరమ్మ:
వేప పుల్లతో ముందు పళ్లు బానే తోముతారు. వెనక దవడ పళ్ల లోపలి వైపు చేరదు, గట్టిగా రుద్ది చిగుళ్లు గీరుకుని వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాను. బ్రష్ ఏదైనా సరే, మెత్తటి కుచ్చు ఉండాలి, మూడు నాలుగు నెలలకి మార్చాలి. తడి ఆరేలా నిలబెడితే వెదురు అంత తొందరగా బూజు పట్టదు, మూత మాత్రం పెట్టకండి.

నాలుగిళ్లు:
మా అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోముతుంది, అందుకే రాస్తున్నా. బ్రష్ మార్చాలని అనుకునేది ఒకరు, దాంతో తోమేది ఇంకొకరు. అడుగంటిన పాల గిన్నె మీద కొబ్బరి పీచు ఎంతసేపు రుద్దాలో మీలో ఎంతమందికి తెలుసు? వేళ్లు పగిలి ఉంటే ఆ పీచు గుచ్చుకుంటుంది. అదే పీచుతో నాన్‌స్టిక్ పెనం తోమితే గీతలు పడ్డాయని మళ్లీ మాటలు పడేదీ అమ్మే. ప్లాస్టిక్ వద్దనుకుంటే స్టీలు పీచు లేదా? ఎన్నాళ్లయినా వస్తుంది, మాడినవి వదిలిస్తుంది. పెట్టెలో అందంగా రాదు కాబట్టి దాని ఊసే ఎత్తరు.

లెక్కలమాస్టారు:
నలుగురున్న ఇంట్లో మూడు నెలలకోటి చొప్పున ఏడాదికి 16 టూత్‌బ్రష్షులు. రోజుకి రెండు పాల ప్యాకెట్లయితే ఏడాదికి 730. టెన్షన్ దేనికి పడాలో మీరే చెప్పండి. 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ పుల్ల ఇయర్‌బడ్స్ ఉన్నాయి గానీ టూత్‌బ్రష్ లేదు.

ల్యాబ్‌కోటు:
మాస్టారూ, పాల ప్యాకెట్‌ని ఎవరో ఒకరు ఏరుకెళ్తారు. ఆకుపచ్చ స్క్రబ్బర్ కూడా ప్లాస్టిక్కే, నెలకి సగమైపోతుంది కదా, ఆ మిగతా సగం ఎక్కడికి పోయింది? సింకులోంచి కాలవలోకి. దాన్ని ఏరేవాడు లేడు. నా లెక్కలో ముందు మార్చాల్సింది అదే, టూత్‌బ్రష్ తర్వాత.

పాడేరుపిల్ల:
చీపుర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా వైపు గిరిజనులు కొండ చీపురు కోసి కట్టి సంతకి తెస్తారు, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కూడా కొంటుంది. ఇప్పుడు సిటీలో పొట్టు రాలుతుందని ప్లాస్టిక్ చీపురు కొంటున్నారు. కొత్త చీపురు పొట్టు రాల్చదా మరి, పువ్వే కదా అది! బయట గోడకేసి నాలుగు దెబ్బలు కొట్టి, నీళ్లలో జాడించి, ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది.

బాల్కనీతోట:
నాలుగిళ్లు గారూ, నిజమే, కొనేముందు మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడని ఒక్క మాట అడగలేదు నేను. ఇవాళ అడిగాను. మాడినవాటికి స్టీలు పీచు, మామూలు గిన్నెలకి, నాన్‌స్టిక్‌కి బీరపీచు చాలంది. బీరపీచు మాత్రం కొనక్కర్లేదు, బాల్కనీలో నేతి బీర పాదు ఉంది, కాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనేదాకా ఉంచి, నీళ్లలో నానబెట్టి తొక్క తీస్తే చాలు. వాడాక గట్టిగా పిండి ఎండలో వేయకపోతే కంపు కొడుతుంది, అది ఒప్పుకుంటున్నా. వెదురు బ్రష్షులు ఉన్నవి అరగనిచ్చి తర్వాత చూద్దాం. బాత్రూం గచ్చుకి మాత్రం కొబ్బరి పీచు బ్రష్ బానే ఉంది, అది నేనే రుద్దుతాను కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు.
గోదారోడు గారూ, దసరాకి రాజమండ్రి వస్తున్నాం, ఒక సంచి డొక్కలు దొరుకుతాయా?

గోదారోడు:
సంచేంటండి, ఆటో నింపి పంపిస్తాను. పీచు పీకడం మాత్రం మీ ఆయన చేత చేయించండి, అమ్మమ్మ గారింట్లో చూశారుగా.