వీపున బ్యాగుతో రోజుల తరబడి నడక: మన గోదావరి డెల్టా వాళ్ళెవరైనా చేశారా?

రాజోలు కుర్రాడు
ఈ డిసెంబరులో గుడారం, గిన్నె, బియ్యం వీపున వేసుకుని వారం రోజులు నడవాలని ఉందండి. హిమాలయాల ట్రెక్కుల గురించి వాకబు చేస్తే బోలెడు డబ్బు, పైగా సామాను కంచరగాడిద మోస్తుందట, వంట వాళ్ళే చేసి పెడతారట. అలాగైతే అన్నవరం సత్రంలో దిగినట్టే కదా. అడవిలో చాలా రోజులు ఉంటే మనిషికీ ప్రకృతికీ మధ్య ఏముందో తెలుస్తుందంటారు. నిజంగా తిరిగినవాళ్ళు చెప్పండి, ఏం తెలిసింది? మా అమ్మనడిగితే "గేదెకి గడ్డి కోసుకురా, అదే తెలుస్తుంది" అంది.

ముమ్మిడివరం టు కాలిఫోర్నియా
అమ్మగారి మాట కొట్టెయ్యకు తమ్ముడూ. నేనిక్కడ జాన్ మ్యూర్ ట్రయల్ నడిచాను, యోసెమిటీ లోయ నుంచి విట్నీ శిఖరం దాకా దాదాపు 340 కిలోమీటర్లు. తిండంతా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టుకోవాలి, అందులో పట్టిందే తిండి. దొడ్డికి వెళ్ళాలంటే నీటికి 200 అడుగుల దూరం పోయి 6 నుంచి 8 అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి, వాడిన కాగితం కూడా సంచిలో వేసుకుని మోసుకురావాలి. ప్రకృతిలో లీనమైపోవడం లాంటిది నాకేమీ జరగలేదు. మొదట్లో భుజాల నొప్పి తప్ప ఏమీ తోచదు, పోనుపోను బుర్ర నీళ్ళ చుట్టూ తిరగడం మొదలెడుతుంది, తరవాతి వాగు ఎంత దూరం, మబ్బు ఎటు పడుతోంది, చీకటిపడేలోగా చదునైన నేల దొరుకుతుందా లేదా అని. ఇంట్లో కుళాయి తిప్పేటప్పుడు ఇవేవీ గుర్తుకు రావు.

ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. 1964లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి అడవికి మనిషి చూసిపోయే చుట్టమే, ఉండిపోయేవాడు కాదు. వినడానికి బాగుంది. కానీ యోసెమిటీ లోయలో తరతరాలుగా బతికిన ఆదివాసులను 1851లో సాయుధ దళం వెళ్ళి తరిమేసింది. నేను మురిసిపోయిన ఆ నిర్మానుష్యం మనుషుల్ని ఖాళీ చేయించగా వచ్చిందన్నమాట.

ఏజెన్సీ ఉద్యోగి
పై పోస్టు చూసి రాస్తున్నా. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల గుడారం వేస్తానంటే కుదరదు, ముందే చెబుతున్నా. మనుషుల్లేని అడవి అనుకుని వచ్చేవాళ్ళు చాలామంది. అక్కడ కొండరెడ్లు ఉన్నారు, పోడు ఉంది, జీలుగు చెట్టుకి కల్లు కుండ కట్టి ఉందంటే ఆ చెట్టు ఎవరిదో ఒకరిదే. పని మీద వాళ్ళ వెంట నడుస్తుంటా. చేతిలో కత్తి ఒకటి, అంతే. నా బ్యాగులో సగం సామాను నాకు అడవి తెలియదు కాబట్టి మోస్తున్నదే. పోలవరం ముంపు ఊళ్ళలో వాళ్ళవీ ఉన్నాయి, ఆ నీళ్ళు ఏ వైపు పొలాలకు వస్తాయో డెల్టా వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

వస్తే దోమతెర తెచ్చుకో, మలేరియా ఉంది.

ఏటిగట్టు మేష్టారు
అంత దూరం ఎందుకు బాబూ, బొబ్బర్లంక నుంచి అంతర్వేది దాకా గోదావరి వశిష్ఠ పాయ ఏటిగట్టు పట్టుకుని నడు. ఒక పక్క లంకలు, ఇంకో పక్క వరి, కొబ్బరి. పెద్ద వరద వస్తే ఏరు మన పొలాల కంటే ఎత్తున పారుతుంది, అడ్డం ఉన్నది ఈ మట్టిగట్టే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో నంబరు వేశారంటే లంకల్లో వాళ్ళు గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కాల్సిందే. 1986 వరద చూసినవాళ్ళు నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు, అడుగు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా ఈ నేలకు అయితే వరద, లేకపోతే కరువు. ఇందులో ప్రకృతి ఎంత, మనిషి చేతిపని ఎంత అని విడదీయడం నావల్ల కాదు. పి.గన్నవరం అక్విడెక్టు మీద నిలబడు, కింద వైనతేయ పాయ, పైన కాలువ. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, దారినపోయే వాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి.

దారిలో బాతులు మేపేవాళ్ళు కనిపిస్తే ఆగి మాట్లాడు. కోతలయ్యాక మందను తోలుకుని పొలం నుంచి పొలానికి పోతుంటారు, రాత్రి పట్టా కింద పడక. వాళ్ళను ఎవరూ ట్రెక్కర్లు అనరు.

తాళ్ళరేవు ఆడపడుచు
మేష్టారూ, మగపిల్లాడు గట్టు మీద పడుకుంటాడు సరే, ఆడపిల్ల గుడారం వేస్తే గంటలో ఊరంతా వచ్చి ఎవరమ్మాయివని అడుగుతారు. మేం స్నేహితురాళ్ళం కలిసి నడిచినప్పుడు గుడారం విప్పనిస్తేనా, ఎవరో ఒకావిడ ఇంట్లోకి లాక్కుపోవడమే. విసుగూ వచ్చింది, మంచి చేపల పులుసూ దొరికింది.

కోరింగ వైపు వద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. మడ అడవిలో నడక ఉండదు, బురదలోంచి ఊపిరి వేళ్ళు మేకుల్లా పొడుచుకొచ్చి ఉంటాయి, రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అభయారణ్యం కాబట్టి పడవకైనా అనుమతి కావాలి. అక్కడి తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మా చేపల వేటగాళ్ళు అమావాస్య, పున్నమిని బట్టి పోటు ఎంత పెద్దదో, ఏ కాలువలోంచి ఎప్పుడు బయటపడాలో లెక్క వేసుకుంటారు. ఫోన్లో చూసేవాళ్ళూ ఉన్నారులెండి, మా తమ్ముడు రెండూ చూస్తాడు. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండు ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో రాత్రిపూట తీరంలో టార్చి లైట్లు వెయ్యొద్దు.

గోదారి గాలి
ఇంత ఆలోచన ఎందుకు గురూ, ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి నడిచి వెళ్ళు, పుణ్యం కూడా వస్తుంది 😄

రాజోలు కుర్రాడు
అందరికీ థాంక్సండి. అయితే గట్టు దారే. మరి తాగే నీళ్ళ సంగతి? పక్కనే ఏరు ఉంటుంది కాబట్టి మోత తగ్గుతుందనుకుంటున్నా.

ఏటిగట్టు మేష్టారు
తగ్గదు. మా చిన్నప్పుడు కాలువ నీళ్ళు తెచ్చి బిందెలో చిల్లగింజ అరగదీస్తే తేరుకునేవి, అవే తాగేవాళ్ళం. ఇప్పుడు ఊళ్ళ మురుగు, రొయ్యల చెరువుల నీళ్ళు ఎక్కడెక్కడో కలుస్తున్నాయి, చిల్లగింజ మట్టిని దింపుతుందేగానీ రోగాన్ని చంపదు. కాచకుండా తాగకు. సఖినేటిపల్లి దాటి కిందకి పోతే చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పు. రెండు పాయల మధ్య ఉండి టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్న ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టుకుంటూ నడు, నువ్వు మొదట అడిగిన ప్రశ్నకి అందులోనే చాలా ఉంది.

తాళ్ళరేవు ఆడపడుచు
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దాటితే బస్సు దొరుకుతుంది, తిరుగు ప్రయాణానికి అదే తేలిక. చివరి పంటు ఎన్నింటికో ఆ రోజు రేవులోనే అడుగు.