బంగ్లాదేశ్‌కి ఎండుమిర్చి పంపేముందు అక్కడి పరిస్థితిని ఎలా అంచనా వేయాలి?

గుంటూరు యార్డులో మాది చిన్న కమీషన్ కొట్టు. ఇన్నాళ్లూ ఎగుమతిదారులకే సరుకు ఇచ్చాం, ఈ సీజన్ నుంచి తేజ రకం మేమే నేరుగా ఢాకా పంపాలని అన్నయ్యా నేనూ అనుకుంటున్నాం.

కొనేవాళ్లు దొరికారు, ధర కూడా కుదిరేలా ఉంది. నా టెన్షన్ అంతా మన చేతిలో లేని వాటి గురించే. 2022 మొదట్లో డాలరు 86 టాకాలుండేది, తర్వాత 120 దాటింది, అంటే మనం డాలర్లలో రేటు పైసా పెంచకపోయినా వాళ్లకి సరుకు ప్రియమైపోతోంది. 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం పడిపోయింది. 2025 ఏప్రిల్‌లో మన నూలు ల్యాండ్ పోర్టుల (రోడ్డు మీద సరిహద్దు దాటే కేంద్రాల) గుండా రాకుండా వాళ్లు ఆపేశారు. రేపు మిర్చి లారీలు కూడా సరిహద్దులోని పెట్రాపోల్ దగ్గర అలాగే నిలిచిపోయి, టార్పాలిన్ కింద బస్తాలు చెమ్మ పట్టి కాయ రంగు మారితే ఆ నష్టం ఎవరు భరించాలి?

బయటి పరిస్థితుల్ని అంశాలవారీగా చూసే పెస్టెల్ పద్ధతిలో రాజకీయం, ఆర్థికం, చట్టం అంటూ పట్టిక వేసుకున్నాను. గళ్లు నిండాయి గానీ వాటిలో దేన్ని చూసి వెనక్కి తగ్గాలో, దేన్ని ధరలో కలుపుకుని ముందుకెళ్లాలో తేలడం లేదు. నాకైతే సరుకుకి చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లాంటి కాగితాల కన్నా డబ్బు వసూలే అసలు ప్రమాదం అనిపిస్తోంది.

అక్కడికి పంపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి: ఎల్‌సీ (కొనేవాళ్ల తరఫున డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) తెరిచే అక్కడి బ్యాంకు గట్టిదో కాదో ముందే ఎలా తెలుసుకుంటారు? ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ఈసీజీసీ బీమా మాలాంటి చిన్నవాళ్లకి గిట్టుబాటవుతుందా? మొదటిసారికి ఒక్క లారీతో సరిపెట్టుకోమంటారా, లేక చెన్నై నుంచి ఓడలో చిట్టగాంగ్ పంపడమే మేలంటారా?