2040లో తొమ్మిదో క్లాసులో ఏ పేర్లు మోగుతాయి?

బస్సు స్వాతి:
నేను పుట్టింది 1991లో, గుంటూరు దగ్గర పల్లెలో. ఏడో తరగతి బి సెక్షన్‌లో మేం ఐదుగురం స్వాతులం. మెచ్చుకోవడానికి టీచర్ "స్వాతీ" అంటే ఐదుగురం లేచేవాళ్లం. తిట్టడానికైతే ఒక్కరం కూడా లేచేవాళ్లం కాదు. చివరికి పొడుగు స్వాతి, కళ్లజోడు స్వాతి, లెక్కల స్వాతి, సైకిల్ స్వాతి అని పేర్లు పడ్డాయి. రోజూ బస్సులో వచ్చేదాన్ని కాబట్టి నేను బస్సు స్వాతిని. ఇప్పటికీ సగం మంది ఫోన్లలో నా నంబరు అలాగే సేవ్ అయి ఉంది.

ఇప్పుడు నాకు ఏడో నెల. పాపో బాబో తెలీదు కాబట్టి రెండు లిస్టులూ రాస్తున్నాం. అమ్మాయైతే ఆద్య, అబ్బాయైతే రియాన్ష్ అంటారు మా ఆయన. మొన్న సాయంత్రం ఆరింటికి అపార్ట్‌మెంట్ కిందకి వెళ్లి, ఊరికే "ఆద్యా" అని పిలిచి చూశాను. జారుడుబల్ల దగ్గర నుంచి ముగ్గురు తిరిగి చూశారు. ఇక మా అత్తగారు తన పేరే పెట్టమంటారు. ఆవిడ పేరు సుబ్బలక్ష్మి.

నా బిడ్డ తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి ఏ పేర్లు కుప్పలుగా ఉంటాయో ముందే కనిపెట్టే దారి ఏదైనా ఉందా?

డాలస్ బాబాయ్:
అమెరికాలో అయితే కొంతవరకు ఉందండీ. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ శాఖ వాళ్లు ఏటా పిల్లల పేర్ల లెక్క బయట పెడతారు. 1880 నుంచీ ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. జెన్నిఫర్ అనే పేరు 1970 నుంచి 1984 దాకా వరసగా మొదటి స్థానంలో ఉంది. మా ఆఫీసులో ముగ్గురు జెన్నిఫర్లున్నారు, ముగ్గురూ నలభై దాటినవాళ్లే. మీ స్వాతి కథే ఇది కూడా.

ఆ లెక్కల మీద పనిచేసినవాళ్లు చెప్పిన రెండు మాటలు నాకు గుర్తున్నాయి. ఒకటి, గబగబా పైకెక్కిన పేరు అంతే గబగబా దిగుతుంది. రెండోది ఇంకా తమాషా. 2005లో కత్రినా తుఫాను వచ్చాక, 'క' శబ్దంతో మొదలయ్యే వేరే పేర్లు పెరిగాయట. ఆ శబ్దం చెవుల్లో పడీ పడీ అలవాటైపోయింది మరి. అంటే పేరుని కాదు, శబ్దాన్ని చూడాలి.

ఒక జాగ్రత్త. ఆ జాబితాలో ఒక్కో స్పెల్లింగ్‌ని విడిగా లెక్కేస్తారు. మన సాన్వినే ఒక 'ఎ'తో ఒకరు, రెండు 'ఎ'లతో ఒకరు, 'ఎస్‌హెచ్' పెట్టి ఇంకొకరు రాస్తే అవి మూడు పేర్లు. కాగితం మీద అరుదుగా కనిపించే పేరు క్లాసులో పిలిస్తే నలుగురు పలకొచ్చు.

గోదారి గట్టు:
ఏ పేరు పెట్టినా ఇంట్లో పండు అనే పిలుస్తారు. అంత టెన్షన్ ఎందుకండీ.

రిటైర్డ్ హెచ్చెమ్:
అమ్మా స్వాతీ, 34 ఏళ్లు బడిలో పనిచేశాను. జూన్ వచ్చిందంటే అడ్మిషన్ రిజిస్టరు నా చేత్తోనే రాసేవాణ్ణి, గుమస్తా చేతిరాత మీద నమ్మకం లేక. రిటైరయ్యే ముందు వేసవిలో బీరువాలోని పాత రిజిస్టర్లు తీసి వరండాలో ఎండబెట్టాం, చెద పడుతోందని. రెండు మధ్యాహ్నాలు ఆ పేర్లు చదువుతూ కూర్చున్నాను.

1950ల నాటి పుటల నిండా అయ్యలు, అమ్మలు. కోటయ్య, వెంకయ్య, నాగమ్మ, సుబ్బమ్మ. తర్వాత రావులూ లక్ష్ములూ. ఆ తర్వాత రమేష్, సురేష్, మహేష్, గణేష్. ఒకే పేజీలో పదకొండు 'ష్'లు లెక్కపెట్టాను. తర్వాత మీరు, అంటే స్వాతి, జ్యోతి, స్రవంతి. 2000 దాటాక హర్షిత, అక్షిత, లిఖిత, రక్షిత. వాళ్ల వెనకే తన్వి, మాన్వి, జాన్వి, సాన్వి. నేను దిగిపోయే నాటికి మగపిల్లలంతా 'అన్ష్'లే. అది మన 'అంశ' అన్న మాటే, ఉత్తరాది వేషం వేసుకుని వచ్చింది.

మారుతున్నది పేరు చివర. మొదలు మన చేతిలో లేదు కదా, అది జన్మనక్షత్రాన్ని బట్టి పంతులుగారు చెప్తారు. అనూరాధ అయితే నా, నీ, నూ, నే. మఖ అయితే మా, మీ, మూ, మే. ఆ మొదటి అక్షరానికి ఆ ఏటి ఫ్యాషన్ తోక తగిలిస్తే పేరు తయారు. మా బంధువుల పిల్లాడు అనూరాధ రెండో పాదంలో పుట్టాడు, 'నివాన్ష్' అని పెట్టారు. అర్థం ఏమిటర్రా అంటే ఫోన్ చూపించారు. అదే నక్షత్రంలో 1950లో పుట్టి ఉంటే నీలకంఠం అయ్యేవాడు, 1980లో నితీష్. (హస్త మూడో పాదం వాళ్లని చూస్తే మాత్రం జాలేస్తుంది. 'ణ'తో ఏం పెడతారు పాపం! ఆ అక్షరం జాతకానికి వదిలేసి, పిలవడానికి వేరే పేరు వెతుక్కుంటారు.)

కాబట్టి మీరు చూడాల్సింది తోకని. మీ దగ్గర్లోని ఏదైనా బడికి వెళ్లి ఎల్‌కేజీ హాజరు పిలిచేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడండి. ఏ తోక నాలుగుసార్లు వినబడిందో దానికి ముందు ఏ అక్షరం తగిలించినా మీ పిల్ల గుంపులో కలిసిపోతుంది. మీవారు చెప్పిన ఆద్య మంచి పేరే, కానీ ఆర్య, ఆధ్య, ఆర్ణ, ఆన్య అని పక్క బెంచీలు నిండే ఉంటాయి.

ఇక రాబోయేవి అంటారా, అది నా అంచనా మాత్రమే. రెండక్షరాల పొట్టి పేర్ల జోరు కొన్నాళ్లకు తగ్గి, జానకి, వైదేహి, రుక్మిణి లాంటి నిండు పేర్లు వస్తాయనిపిస్తోంది. పాత పేరు తిరిగి రావాలంటే, ఆ పేరుతో మనల్ని గదమాయించినవాళ్లెవరూ ఇంట్లో మిగిలి ఉండకూడదు. అందుకే తాతమ్మ పేరు ముద్దొస్తుంది, అమ్మమ్మ పేరు రాదు.

మరో మాట. తొందరపడకండి. జననం 21 రోజుల్లో నమోదు చేయించండి, పేరు లేకుండానైనా సరే. ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. న్యూమరాలజీ అని మధ్యలో ఒక 'హెచ్' మాత్రం ఇరికించకండి. ఆ ఒక్క అక్షరం ఆధార్‌లో ఉండి టెన్త్ మెమోలో లేకపోతే ఏమవుతుందో, తల్లిదండ్రులు నా బల్ల ముందు నిలబడి ఏడుస్తుంటే చూశాను.

బస్సు స్వాతి:
మాస్టారూ, చాలా థ్యాంక్స్ అండీ. నిన్న మీరు చెప్పినట్టే చేశాను. మా వీధి చివర బడిలో ఎల్‌కేజీ టీచర్ నా స్నేహితురాలే. ఇరవై ఆరు మందిలో 'అన్ష్' ఐదుగురు, 'వి' నలుగురు. ఒకే ఒక్క కార్తికేయ ఉన్నాడు. పిలిస్తే వాడికి తన పేరు పూర్తిగా పలకడం రాక "కాత్తికే" అన్నాడు. రియాన్ష్‌ని కొట్టేశాం. మా ఆయన ఇంకా అలకమీదే ఉన్నారు.

మీ తాతమ్మ సూత్రం చెబుదామని రాత్రి మా అత్తగారి దగ్గర కూర్చున్నాను. "అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు అప్పుడే తిరిగి రావటత్తయ్యా" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "మా బళ్లో మేం ఆరుగురం సుబ్బలక్ష్ములం, నన్ను పిల్లికళ్ల సుబ్బలక్ష్మి అనేవాళ్లు" అంది. నాకు నవ్వాగలేదు. కాసేపాగి ఆవిడే, "ఇప్పుడు పెట్టావనుకో, క్లాసు మొత్తానికి ఒక్కతే ఉంటుంది. నువ్వు అడిగేది అదేగా?" అంది.

దీనికి ఏం చెప్పాలో తోచక చిక్కుడుకాయలు నా వైపు లాక్కున్నాను. మాస్టారూ, మీరే ఏదైనా చెప్పండి.