దూరపు బస్సు ఊళ్లోకి రావాలా, బైపాస్ మీదనే పోవాలా?

పానగల్ రోడ్డు:
పండుగ తర్వాత నెల్లూరులో మా చెల్లె ఇంటి నుంచి నాన్నను తీసుకొని రాత్రి బస్సులో వస్తున్నాను. నాన్నకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. టికెట్ మీద నల్లగొండ అనే ఉంది. రాత్రి రెండున్నరకు మర్రిగూడ బైపాస్ దగ్గర ఆపి దిగమన్నారు. బస్టాండ్‌కు పోదా అని అడిగితే "ఇదే నల్లగొండ" అన్నారు. ఆటో లేదు. ఒక బడ్డీకొట్టు అరుగు మీద నాన్నను కూర్చోబెట్టి, మా బావమరిదిని నిద్ర లేపి బండి తెప్పించే సరికి మూడున్నర అయింది. ఆ బస్సు ఎవరిదో ఇక్కడ చెప్పను. తప్పు ఆ డ్రైవర్ ఒక్కడిది కాదు, పద్ధతే అట్లా మారిపోయింది.

నా వాదన ఇది. 1980ల దాకా నల్లగొండకు రైలు లేదు. జిల్లా కేంద్రమైనా సరే, బీబీనగర్ - నడికుడి లైను పడ్డాకే మనకు రైలు కూత వినబడింది. అప్పటిదాకా దూరం పోవాలంటే బస్సే. 1932లో నిజాం రైల్వే కిందనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. రైలు పోని చోటికి బస్సు పోవాలన్నది అందులో నాకు కనబడే ఆలోచన. అప్పటి నుంచి మొన్న మొన్నటిదాకా టైం టేబుల్ అంటే ఊరి స్టాండ్‌లో గోడ మీద రాసిన బోర్డు. నా చిన్నప్పుడు అక్కడ గుంటూరు, ఒంగోలు, కర్నూలు బస్సుల టైములు పెయింటుతో రాసి ఉండేవి. మా అమ్మ ఆ బోర్డు చూసే ప్రయాణం పెట్టుకునేది. ఇప్పుడు నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు వెడల్పయ్యాక బస్సులు ఊరి పక్క నుంచి పోతున్నాయి గానీ ఊళ్లోకి రావడం లేదు. టికెట్ మీద ఊరి పేరు రాసి ఊరి బయట దింపితే ఆ టైం టేబుల్ ఎవరి కోసం?

స్టీరింగ్ సీటు:
తమ్ముడూ, మీ నాన్నగారికి జరిగింది చదివి బాధ అయింది. కానీ ముప్పై ఏళ్లకు దగ్గరగా దూరపు సర్వీసులు తోలినవాణ్ణి, ఇటు వైపు లెక్క కూడా చెప్పాలి.

బైపాస్ నుంచి స్టాండ్‌లోకి వచ్చి, కంట్రోలర్ దగ్గర ఎంట్రీ వేయించుకొని, పాసింజర్లను ఎక్కించుకొని మళ్లీ బైపాస్ ఎక్కడానికి పగటిపూట ఇరవై ఐదు నిమిషాలు తక్కువ కాదు. దారిలో అట్లాంటి ఊళ్లు నాలుగు ఉంటే గంటా నలభై నిమిషాలు. బస్సులో నలభై మంది ఉంటారు. దిగేది ఇద్దరు. మిగతా ముప్పై ఎనిమిది మంది "ఇంకెంతసేపు" అని నా నెత్తి మీదికే వస్తారు. రన్నింగ్ టైం, అంటే ట్రిప్పు పూర్తి చేయడానికి మాకు ఇచ్చే టైం, మాత్రం పెంచరు. పోయిన టైం నేను స్పీడులో రాబట్టుకోవాలి, లేదా పొద్దున నాకు దొరికే రెండు గంటల నిద్రలోంచి తీయాలి. సూర్యాపేట ఊరి నడుమ నుంచి విజయవాడ బస్సు తోలిన రోజులు నాకు గుర్తే. సంత రోజు ఆ సెంటర్ దాటడమే పెద్ద టెన్షన్.

ఇంకో సంగతి కూడా ఉంది. లాక్‌డౌన్‌లో 2020 మార్చిలో ఆగిన అంతర్రాష్ట్ర బస్సులు, ఆ ఏడాది నవంబరు 2న రెండు రాష్ట్రాల ఆర్టీసీలకు ఒప్పందం కుదిరాక గానీ కదల్లేదు. ఆంధ్ర వాళ్లవి 638 బస్సులు తెలంగాణలో రోజుకు 1,60,999 కిలోమీటర్లు, మన 826 బస్సులు ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లు తిరగాలని లెక్క. ఎవరు అవతలి నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నదే ఇందులో అసలు పేచీ. అట్లాంటప్పుడు ఆంధ్ర బస్సు మన ఊళ్లోకి వచ్చి పోయే ప్రతి కిలోమీటరు వాళ్ల కోటాలో పడుతుంది. ఎందుకు తిరుగుతారు?

పానగల్ రోడ్డు:
అన్నా, కోటా మాట ఆంధ్ర బస్సుకు వర్తిస్తుంది. మన బస్సు మన జిల్లాలో ఎంత తిరిగినా ఆ ఒప్పందంలోకి రాదు గదా. మరి మన బస్సులు కూడా బైపాస్‌లోనే ఎందుకు దింపుతున్నాయి?

మిర్యాల బియ్యం:
దీనికి జవాబు నాకూ కావాలి.

జడ్చర్ల జంక్షన్:
నల్లగొండ వాళ్లు అదృష్టవంతులు, మీకు బైపాస్ ఊరిని ఆనుకొని ఉంది. మా పాలమూరు సంగతి చూడండి. కర్నూలు హైవే జడ్చర్ల మీదుగా పోతుంది, మహబూబ్‌నగర్ అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు లోపల. గద్వాలకు పోవాలంటే ఎర్రవల్లి చౌరస్తాలో దిగాలి. వనపర్తి వాళ్లు కొత్తకోటలోనో పెబ్బేరులోనో దిగుతారు. అలంపూర్‌కు కూడా చౌరస్తానే. కర్నూలు బస్సును మహబూబ్‌నగర్‌కు తిప్పమంటే పోను రాను ముప్పై కిలోమీటర్లు. అది న్యాయం కాదని నేనే ఒప్పుకుంటాను.

అందుకే బస్సు ఊళ్లోకి రావాలన్న డిమాండే నాకు సరి అనిపించదు. చౌరస్తాలో దిగినవాడికి లింకు బస్సు దొరకాలి, ఆ రెండు టైములు ఒకే కాగితం మీద ఉండాలి. పానగల్ అన్న చెప్పిన 1932 నుంచి నేర్చుకోవాల్సింది నాకు ఇదే. రైలు, బస్సు ఒకే శాఖ చేతిలో ఉంటే రైలు వచ్చే వేళకు బస్సును నిలబెట్టడం ఆ శాఖకు చేతిలో పని. 1958 జనవరిలో ఆర్టీసీ కార్పొరేషన్ అయ్యే నాటికి ఆ రెండూ వేర్వేరు.

మా దగ్గరి నుంచి పోయే బొంబాయి బస్సు గురించి కూడా చెప్పాలి. నారాయణపేట, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వలస కూలీలు ఎక్కేవాళ్లు. గంపలు, గిన్నెలు, జొన్నల మూట, ఒళ్లో చంటిపిల్ల. ఆ బస్సు టైము మా ఊళ్లో చదువురాని వాళ్లకు కూడా నోటికి వచ్చు. ఎందుకంటే అది తప్పితే ఆ వారం కూలి పోయినట్టే. వాళ్లకు సీట్లు మెత్తగా ఉన్నాయా లేదా అన్నది లెక్క కాదు, చెప్పిన వేళకు వస్తుందా అన్నదే.

నల్లమల గేటు:
అందరికీ నమస్తే. మాది అచ్చంపేట. శ్రీశైలం రూట్ గురించి ఒక మాట చెప్తాను, ఇది మీ వాదనకు పనికొస్తుంది.

మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు ఉంది. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. దోమలపెంట వైపు కూడా అంతే. హైదరాబాద్‌లో కల్వకుర్తి దారి పట్టిన శ్రీశైలం బస్సు ఏ టైముకు బయలుదేరినా ఆ తొమ్మిదిని చూసుకొనే బయలుదేరాలి. కడ్తాల్‌లో ట్రాఫిక్, వంగూరు గేటు దగ్గర ఛాయ్, ఇవన్నీ ఆ లెక్కలో ఇమడాల్సిందే. పులికి రాత్రి కావాలని అడవి ఒక టైము పెడితే అందరం దానికి సర్దుకున్నాం. ముసలాయనకు రాత్రి స్టాండ్ కావాలంటే మాత్రం సర్దుకోలేమా?

నైట్ హాల్ట్ బస్సు కూడా ఇట్లాగే నడిచింది. రాత్రి ఊరికి వచ్చి, డ్రైవర్, కండక్టర్ పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో పడుకొని, తెల్లారి ఐదింటికి కదిలేది. పాలు, కూరగాయలు, ఆసుపత్రికి పోయే వాళ్లు అందరూ దాని మీదే. ఓ.ఆర్. (సీట్లు నిండే శాతం) రావడం లేదని ఆ బస్సు తీసేసినప్పుడు ఒక ట్రిప్ పోయింది అనుకున్నారు. ఊరికి పోయింది తెల్లవారుజాము.

మిర్యాల బియ్యం:
ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనబడుతుంది, బోర్డు ఎందుకంటారు కొందరు. మా నాయనమ్మకు ఫోను కూడా లేదు. బోర్డు ఉండాల్సిందే.

పానగల్ రోడ్డు:
జడ్చర్ల అన్న చెప్పింది పగటికి ఒప్పుకుంటాను. పగలు చౌరస్తా, లింకు బస్సు ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా మాత్రం మన రాష్ట్ర బస్సు జిల్లా కేంద్రం స్టాండ్‌కు రావాలి, అక్కడ లైటు, బెంచీ, మనుషులు ఉంటారు. బయట దింపే బస్సైతే టికెట్ మీద ఆ బైపాస్ పేరే రాయాలి. "నల్లగొండ" అని రాయొద్దు.

స్టీరింగ్ సీటు:
రాత్రికైతే సరే తమ్ముడూ. రోడ్లు ఖాళీగా ఉంటాయి, స్టాండ్‌కు వచ్చి పోవడానికి నాకు పన్నెండు నిమిషాలు పట్టేది. ఆ పన్నెండు నిమిషాలు రన్నింగ్ టైంలో కలిపి ఇవ్వమను. అది ఇస్తే ఏ డ్రైవర్ కూడా మీ నాన్నగారిని రోడ్డు మీద దింపడు.