లార్డ్ ఆఫ్ వార్ చూసి నవ్వితే తప్పా?

హన్మకొండ పోరడు:
నిన్న రాత్రి రూమ్‌లో నలుగురం కలిసి లార్డ్ ఆఫ్ వార్ పెట్టుకున్నాం, 2005ది, నికోలస్ కేజ్ దొంగచాటుగా తుపాకులు అమ్ముతుంటాడు. పట్టుకునేవాళ్లు వస్తున్నారని నడిసముద్రంలో ఓడ పేరు చెరిపి వేరే పేరు రాసి, సరైన జెండా దొరక్క ఉన్న జెండానే అడ్డం తిప్పి కడతారు చూడండి, అక్కడ పడీపడీ నవ్వాం. మా రూమ్మేట్ మాత్రం "గసొంటోన్ని హీరో చేస్తే మీరు నవ్వుతున్నరా" అని సగంలోనే లేచిపోయాడు. ఇంతకీ ఇది థ్రిల్లరా, కామెడీనా?

మిర్చి కాంటా:
మీవాడు మొదట్లో ఫోన్ చూస్తున్నట్టున్నాడు తమ్మీ. తూటా ఫ్యాక్టరీలో తయారై, పెట్టెలో పడి, ఆఫ్రికా చేరి ఒక పిల్లవాడి తలలో దిగేదాకా కెమెరా దానితోనే పోతుంది, అది చూశాక ఎంత నవ్వినా గొంతులో ముల్లు ఉన్నట్టే. నాకు గుర్తుండిపోయింది లెబనాన్‌లో వాడేసిన తుపాకుల్ని కిలోల లెక్కన అమ్మడం. ఏటా మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతాం, కాంటా ఆగేదాకా నాన్న దాని మీద నుంచి చూపు తిప్పడు, తరుగు ఎంత తీస్తారోనని. సినిమాలో కేజ్ సారుకు ఆ టెన్షన్ కూడా లేదు!

కాజీపేట లోకో:
కథ పూర్తిగా కల్పితం కాదు. ఆ పాత్రకు మూలమని చాలామంది చెప్పే విక్టర్ బౌట్‌ను 2008లో బ్యాంకాక్‌లో పట్టుకున్నారు, 2012లో అమెరికా కోర్టు 25 ఏళ్లు వేసింది, 2022 డిసెంబర్‌లో బాస్కెట్‌బాల్ ప్లేయర్ బ్రిట్నీ గ్రైనర్‌ను రష్యా జైలు నుంచి విడిపించుకోవడానికి బదులుగా ఇతన్ని వదిలేశారు. సినిమాలోనూ అంతే కదా, నన్ను వదిలేస్తారని పట్టుకున్న ఆఫీసర్‌కే ముందే చెప్పి, చెప్పినట్టే బయటికొస్తాడు. ఇంకో తమాషా, డమ్మీల కంటే అసలు తుపాకులే చౌకని డైరెక్టర్ ఆండ్రూ నికోల్ షూటింగ్‌కు 3000 అసలువే తెప్పించాడు. మన దేశంలో అయితే 1995 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ పురులియాలో రాత్రిపూట విమానం నుంచి ఏకే 47లు పారాచూట్లతో పడ్డాయి, తెల్లారి చూస్తే ఊళ్ల పక్కన పెట్టెలు.

పాత బస్తీ మాస్టారు:
90ల్లో ములుగు రోడ్డులో రాత్రి బస్సు ఆపి సంచులు వెతికేవాళ్లు, ఒకసారి నా టిఫిన్ డబ్బా మూత కూడా తీయించారు, లోపల మామిడికాయ పప్పు. తుపాకీ ఎవరి చేతిలో ఉందన్నదే అప్పుడు మా భయం. దాన్ని ఎవరు అమ్మి ఉంటారన్న ఆలోచన ఈ సినిమా చూసినప్పుడే వచ్చింది.

హన్మకొండ పోరడు:
థాంక్స్ మాస్టారూ. లోకో అన్నా, క్లైమాక్స్ చెప్పేశావు కదనే, మావాన్ని ఈ రాత్రి మళ్లీ కూర్చోబెడదామనుకున్నా.